ఇసుకలో మేకు నిలవదు: తీరాన టెంటు వేసేవాళ్లకు జాగ్రత్తలు

కార్తీకం వస్తే విశాఖ జనం తీరం బాట పడతారు. పగటి పిక్నిక్‌లు ఎప్పటినుంచో ఉన్నవే. ఇప్పుడు చిన్నపిల్లలున్న కుటుంబాలు కూడా టెంట్లు కొనుక్కుని, రాత్రి అక్కడే ఉందామని భీమిలి రోడ్డు పడుతున్నాయి. వద్దని నేను చెప్పను. కానీ ఈ అక్టోబరు, నవంబరు నెలలే మనకు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది ఈ ఊరి దగ్గరే. టెంటు లేచిపోవడానికి అంత గాలి కూడా అక్కర్లేదు.

మూడేళ్ల కిందట మంగమారిపేట దాటాక నాలుగు కుటుంబాలం రాత్రి ఉన్నాం. టెంటుతోపాటు వచ్చిన మేకులు జానెడు పొడవు, పెన్సిలంత లావు. చేత్తో నొక్కితే చాలు, దిగిపోయాయి. అంత సులువుగా దిగినప్పుడే అనుమానం రావాల్సింది. సాయంత్రమంతా గాలి సముద్రం మీంచి వచ్చింది కాబట్టి ఆ వైపు మాత్రమే గట్టిగా కట్టాం. ఒంటిగంట దాటాక గాలి కొండల వైపు నుంచి మళ్లింది. టార్పాలిన్ ఒక మూల లేచింది. ఊడిన మేకు తాడు చివర గిర్రున తిరిగి మా తమ్ముడి కొడుకు కనుబొమ మీద కొట్టింది. మూడు కుట్లు పడ్డాయి. అరంగుళం కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది.

పొద్దున్న వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మా మేకులు చూసి, "ఇసకలో మేకేటి నిలుస్తాది బాబూ? సంచి పాతండి" అన్నాడు. అప్పటినుంచి నేను చేస్తున్నది అదే.

మట్టి మేకును నాలుగు వైపులా పట్టుకుంటుంది. పొడి ఇసుక పట్టుకోదు, జారుతుంది. ఇసుకకు ఉన్న బలం దాని బరువే. ఒక ఘనపుటడుగు పొడి ఇసుక దాదాపు 45 కిలోలు తూగుతుంది. కాబట్టి వెడల్పుగా ఉన్న వస్తువును లోపల పాతి, ఆ బరువంతా దాని మీద పడేలా చేయాలి. ఖాళీ ఎరువుల సంచో, సిమెంటు సంచో తీసుకుని సగం వరకు ఇసుక పోసి మూతి కట్టండి. సంచి నడుముకు తాడు రెండు చుట్లు చుట్టి ముడి వేయండి. మూరెడు లోతు గొయ్యి తవ్వి, తాడు లాగే దిక్కుకు సంచి అడ్డంగా ఉండేలా పడుకోబెట్టండి. ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది. గోతి నుంచి టెంటు వైపు తాడు పట్టేంత సన్నటి కాలువ ఏటవాలుగా తీయాలి. అది తీయకపోతే తాడు నిటారుగా పైకి వచ్చి సంచిని పైకే లాగుతుంది. గొయ్యి పూడ్చి, కాలితో బాగా తొక్కి, బకెట్టు నీళ్లు పోయండి. తడి ఇసుక బిగుసుకుంటుంది. తర్వాత తాడు పట్టుకుని ఒళ్లంతా వెనక్కి వేలాడండి. మీ బరువుకు కదిలిందంటే గాలికి కచ్చితంగా కదులుతుంది, మళ్లీ తవ్వండి. సంచి లేకపోతే మూరెడు పొడవున్న లావుపాటి కర్రను అలాగే అడ్డంగా పాతినా నిలుస్తుంది.

టెంటు ఎత్తు నాలుగడుగులైతే సంచిని ఏడెనిమిది అడుగుల దూరంలో పాతండి. తాడు ఎంత వాలుగా ఉంటే అంత మంచిది. గాలి ఏ వైపున ఉన్నా నాలుగు వైపులా కట్టాల్సిందే.

టార్పాలిన్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. 10 అడుగులకు 12 అడుగుల పట్టాకు గంటకు 20 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే సుమారు 20 కిలోల తోపు. గాలి 40 అయితే అది 80 కిలోలు. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. అందుకే దాన్ని గోడలా నిలబెట్టకండి, గాలి వచ్చే వైపు బాగా కిందికి వంచండి. పట్టాకూ తాడుకూ మధ్య సైకిల్ ట్యూబు ముక్క కడితే గాలి కుదుపు అది తీసుకుంటుంది, పట్టా అంచున తాడు కట్టే రింగుల దగ్గర చిరగదు. రింగు ఊడిపోయినా పట్టా పనికిరాదని అనుకోవద్దు. నున్నటి గులకరాయిని మూలలో పెట్టి, బట్టను దాని చుట్టూ చుట్టి, రాయి వెనక మెడలా వచ్చినచోట తాడు బిగించండి. రింగుకన్నా ఇదే గట్టిగా ఉంటుంది.

నైలాన్ తాడు మంచుకు తడిసి సాగుతుంది. పడుకునే ముందు ఒకసారి, మెలకువ వచ్చినప్పుడు ఇంకోసారి బిగించుకోండి. ప్రతి తాడుకూ ఒక తెల్లగుడ్డ కట్టండి, చీకట్లో పిల్లలు తట్టుకుని పడకుండా.

చోటు ఎంచుకునేటప్పుడు నాచు, చెత్త కొట్టుకొచ్చి ఆగిన గీత చూడండి. క్రితం పోటు అక్కడిదాకా వచ్చిందని అర్థం. దానికి బాగా పైన ఉండాలి. పౌర్ణమికి, అమావాస్యకు పోటు ఇంకా పైకొస్తుంది. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది కార్తీక పౌర్ణమికే కదా! గెడ్డ, అంటే కొండవాగు, సముద్రంలో కలిసేచోట ఇసుక చదునుగా, అందంగా ఉంటుంది. అక్కడ మాత్రం వద్దు. కొండ మీద వాన పడితే మీ దగ్గర చుక్క రాలకుండానే గెడ్డ పొంగవచ్చు. కొబ్బరిచెట్ల కింద, గాలి రోజుల్లో సరుగుడు చెట్ల కింద కూడా వద్దు. ఎర్రమట్టి దిబ్బల మీద తవ్వడం, టెంటు వేయడం అసలే చేయకండి. అవి వేల ఏళ్లుగా ఏర్పడినవి. రాత్రి ఉండనిస్తారో లేదో ముందే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో అడిగి వెళ్లండి.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు పోటు గీతకు పైన, దాదాపు మన సంచి దిగే లోతులోనే గుడ్లు పెడతాయి. ఇసుక మీద ట్రాక్టరు చక్రం జాడలాంటి గుర్తు కనబడితే అక్కడ గొయ్యి తవ్వకుండా దూరం జరగండి. లైట్లు తగ్గించండి.

మత్స్యకారులు వేటకు వెళ్లొద్దని వాతావరణ శాఖ చెప్పిన రోజు ప్రయాణం మానుకోండి. సాధారణంగా ఆ హెచ్చరికలో ఉండేది గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల గాలి. పైన చెప్పిన లెక్కలో అది వంద కిలోలు దాటిన తోపు. ఎన్ని సంచులు పాతినా ఆపలేం. అక్కడికి వెళ్లాక గాలి పెరిగితే ముందు టార్పాలిన్ దించండి, తర్వాత టెంటు పోల్స్ తీసి పడుకోబెట్టండి. ఉరుము వినబడితే సామాను వదిలేసి కారులోకి వెళ్లండి. టెంటు పిడుగును ఆపదు. గాలికి ఆరిపోతోందని పొయ్యి టెంటులోకి తేవద్దు, బొగ్గుల కుంపటి అసలే వద్దు.

బయల్దేరేటప్పుడు సంచులు లెక్కపెట్టి అన్నీ తవ్వి తీయండి. తాడు కోసేసి సంచి లోపలే వదలొద్దు. తెల్లవారకముందే వల లాగడానికి జనం ఉత్తకాళ్లతో అదే ఇసుక మీద నడుస్తారు. గోతులన్నీ పూడ్చి, కాలితో చదును చేసి రండి.