ముందు తూకం, తర్వాత ముఖం: రోమన్ వెండి దీనారాన్ని గుర్తుపట్టడం ఎలా

కరీంనగర్‌లో వెండి తీగ పని చేసే ఇంట్లో పుట్టాను. నలభై ఏళ్లు పట్టకారు పట్టాను. చూపు సన్న తీగకు ఆగని రోజు వచ్చాక పని మానేశాను కానీ, పాత నాణేలు చూడడం మానలేదు. ఏడాదికి నలుగురైదుగురు జేబురుమాలులో మూటగట్టి ఏదో ఒకటి తెస్తారు. తాత పెట్టెలో దొరికిందనో, దుక్కిలో బయటపడిందనో చెబుతారు. ఎక్కువగా అవి విక్టోరియా రూపాయలు, కాకపోతే పూజలో పెట్టే రామటెంకీలు. ఎప్పుడో ఒకసారి మాత్రం ఒక మనిషి తల, చుట్టూ ఇంగ్లిషులాంటి అక్షరాలు ఉన్న చిన్న వెండి బిళ్ల వస్తుంది. "ఇది ఏ దొరది?" అని అడుగుతారు. ఏ దొరదీ కాదు. రెండు వేల ఏళ్ల కిందట రోమ్ సామ్రాజ్యంలో అచ్చయి, సముద్రం దాటి వచ్చిన దీనారం.

అలాంటిది మీ కంట పడితే ఏం చేయాలో, ఎలా చూడాలో చెబుతాను. మొదట చేయకూడనిది చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను.

మా మేనమామ స్నేహితుడు ఒకాయన పొలంలో దొరికిన నాణెం తెచ్చాడు. బొగ్గులా నల్లగా ఉంది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, చేతిలో పనితనం ఉందన్న పొగరు. చింతపండు, బూడిద వేసి తోమాను. తళతళలాడింది. ఆయన మురిసిపోయాడు, నేనూ మురిసిపోయాను. చెక్కిలి దగ్గర చిన్న చంద్రవంకలాంటి గుంట ఒకటి కనిపిస్తే, అది దెబ్బ అనుకుని దాని అంచు కూడా నున్నగా చేశాను. అది దెబ్బ కాదని, ఈ దేశపు వర్తకుడెవరో వేసిన ముద్ర అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. నాణెం మీద మన దేశంలో పడిన ఒకే ఒక్క గుర్తును నా చేతులతో నేనే చెరిపేశాను.

కాబట్టి తోమవద్దు. చింతపండు, కుంకుడుకాయ, పళ్లపొడి, ఆమ్లం, ఏదీ వద్దు. మట్టిలో ఉన్న వెండికి రెండు రకాల పొరలు పడతాయి. గంధకం తగిలితే నల్లబడుతుంది. ఉప్పు నేలలో బూడిద రంగు, ఒక్కోసారి ఊదా రంగు పెచ్చు కడుతుంది. ఆ పెచ్చులో ఉన్నదీ వెండే. గీకితే అక్షరం కూడా దానితోనే ఊడుతుంది. మట్టి మరీ ఎక్కువగా ఉంటే శుభ్రమైన నీళ్లలో కాసేపు నానబెట్టి, మెత్తటి గుడ్డ మీద ఆరనివ్వండి, రుద్దకండి. ఇంకో మాట. గచ్చు మీద వేసి ఖంగుమంటుందా అని చూడకండి. భూమిలో శతాబ్దాలు పడి ఉన్న వెండి పెళుసెక్కుతుంది, అప్పడంలా విరుగుతుంది. గీటురాయి మీద గీయడం కూడా పనికిరాదు. మా వాళ్లకు అది చేతి అలవాటు, అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు తూకం. అందరూ ముందు రాజు ముఖం చూస్తారు. నేను ముందు త్రాసులో వేస్తాను. మా నాన్న గురిగింజలతో తూచేవాడు. 96 గురిగింజలైతే తులం. ఇప్పుడు దుకాణాల్లో పది గ్రాములను తులం అంటున్నారు కానీ అసలు తులం 11.66 గ్రాములు. అగస్టస్ చక్రవర్తి కాలంలో ఒక రోమన్ పౌను తూకపు వెండికి 84 దీనారాలు కొట్టేవారు, ఒక్కొక్కటి దాదాపు 3.9 గ్రాములు. అంటే మూడు దీనారాలు వేస్తే మన పాత తులం. కాకతాళీయమే అయినా నాకు గుర్తుండిపోయిన లెక్క ఇది. చేతులు మారి అరిగిన నాణెం మూడున్నర నుంచి మూడు ముప్పావు గ్రాములు తూగవచ్చు. రెండు గ్రాములో, ఆరు గ్రాములో వచ్చిందంటే అనుమానించాలి. అడ్డంగా కొలిస్తే 18, 19 మిల్లీమీటర్లు, అంటే మన పాత పావలా బిళ్లంత. నగల దుకాణంలో ఎలక్ట్రానిక్ త్రాసు ఎలాగూ ఉంటుంది. తూచి, ఆ అంకెను అప్పుడే కాగితం మీద రాసి పెట్టుకోండి.

తూకం ముందు ఎందుకంటే, ఆ రోజుల్లో ఈ నాణెం కొన్నవాళ్లు చూసింది కూడా అదే. ప్లినీ అనే రోమన్ రచయిత ఒక సంగతి రాశాడు. క్లాడియస్ చక్రవర్తి కాలంలో ఒక రోమన్ పన్నుల గుత్తేదారు దగ్గర పనిచేసిన మనిషి, అరేబియా తీరంలో ఓడ గాలికి కొట్టుకుపోయి సింహళానికి చేరాడట. అతని దగ్గరున్న దీనారాలు చూసి అక్కడి రాజు ఆశ్చర్యపోయాడు. ముఖాలు వేరువేరుగా ఉన్నాయి, అంటే కొట్టించిన రాజులు వేరు. అయినా తూకం ఒక్కటే. ఎంత నిజాయితీ అనుకున్నాడట! త్రాసు పట్టినవాడిగా ఆ రాజు నాకు బాగా అర్థమవుతాడు. ఆ ప్లినీయే భారతదేశం తమ సామ్రాజ్యం నుంచి ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని వాపోయాడు. నాలుగు సెస్టర్సులు ఒక దీనారం కాబట్టి అది కోటీ పాతిక లక్షల దీనారాల విలువ. మిరియాలకు, ముత్యాలకు, సన్నబట్టలకు ఇచ్చిన సొమ్ము. అంత నిక్కచ్చి లెక్క ఆయనకు ఎవరు చెప్పారో కానీ, ఏడుపు మాత్రం నిజమైనదే.

తూకం కుదిరితే అంచు చూడండి. అప్పట్లో వేడి చేసిన వెండి బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. అందుకే అసలు నాణెం నిండు గుండ్రంగా ఉండదు. బొమ్మ ఒక పక్కకు జరిగి ఉంటుంది, కొన్ని అక్షరాలు అంచు అవతలికి పోయి ఉంటాయి, అంచున సన్నని పగుళ్లు ఉంటాయి. పోత పోసిన నకలుకు అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తుంది, భూతద్దంలో చూస్తే సూదిమొనంత బుడగ గుంటలుంటాయి, అక్షరాల అంచులు సబ్బు అరిగినట్టు మెత్తగా ఉంటాయి. పర్యాటకుల కోసం అమ్మే బొమ్మ నాణేలు చాలావరకు ఇలాంటివే. మూడో రకం కూడా ఉంది, అది పాతకాలపు మోసమే: లోపల రాగి, పైన వెండి తొడుగు. అరిగిన చోట, ముఖ్యంగా ముక్కు మీద, చెవి దగ్గర, పచ్చటి చిలుము బయటపడితే అదే. దాన్ని పారేయకండి, దొంగ నాణేనికీ రెండు వేల ఏళ్ల వయసు ఉంటుంది.

తర్వాత ముద్రలు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఒకే చోట 1,531 రోమన్ దీనారాలు బయటపడ్డాయి. వాటిలో చాలావాటి మీద చిన్న చిన్న ముద్రలున్నాయి. ఇవి రోమ్‌లో పడినవి కావు. మన దగ్గర అంతకుముందు నుంచే వెండి బిళ్ల మీద సూర్యుడు, కొండ, చెట్టు లాంటి గుర్తులు గుద్దిన నాణేలు చెలామణిలో ఉండేవి. ఆ అలవాటున్న షరాబు పరాయి నాణేన్నీ పరీక్షించి, నిజమేనని తన గుర్తు వేశాడన్నమాట. భూతద్దం పట్టుకుని, దీపం పక్క నుంచి వాలుగా పడేలా పెట్టి నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. ఎదురు వెలుతురులో కనబడని గుంట వాలు వెలుతురులో నీడతో సహా తేలుతుంది. చెక్కిలి, మెడ, తల వెనక ఖాళీ జాగా, ఈ మూడు చోట్ల ముందు చూడండి. చంద్రవంక, చుక్క, చిన్న వృత్తం, ఏది కనిపిస్తే దాన్ని అలాగే బొమ్మ గీసుకోండి. నా మాదిరిగా దెబ్బ అనుకోకండి.

ఇక ముఖం. మన వైపు దొరికే రోమన్ వెండిలో పెద్ద భాగం ఇద్దరు చక్రవర్తులదే: అగస్టస్, ఆయన తర్వాత క్రీస్తు శకం 14 నుంచి 37 వరకు ఏలిన టైబీరియస్. అందులోనూ రెండు అచ్చులే మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి వేల రకాలు బట్టీపట్టే పని లేదు. రెండూ నేటి ఫ్రాన్సులోని లియోన్‌లో కొట్టినవే. రెండింటిలోనూ తల కుడివైపు చూస్తుంది, ఆకుల దండ ఉంటుంది, దాని ముడి కొసలు మెడ వెనక వేలాడతాయి. తేడా వెనక వైపు తెలుస్తుంది. ఇద్దరు కుర్రవాళ్లు ఎదురుగా నిలబడి ఉండి, మధ్యలో డాళ్లు, ఈటెలు ఉంటే అది అగస్టస్‌ది. ఆ ఇద్దరూ ఆయన దత్తత చేసుకున్న మనవలు, గాయస్, లూసియస్. తన తర్వాత ఏలతారని నాణెం మీదికి ఎక్కించుకున్నాడు. ఒకడు 2లో, ఇంకొకడు 4లో, తాత బతికుండగానే పోయారు. వెనక వైపు ఒక స్త్రీ కుర్చీలో కూర్చుని ఒక చేత దండం, మరో చేత కొమ్మ పట్టుకుని ఉంటే అది టైబీరియస్‌ది. ఆమె ఆయన తల్లి లివియా అని చాలామంది అంటారు. బైబిల్లో ఏసు చూపించమని అడిగిన పన్ను నాణెం ఇదేనని కూడా అంటారు కాబట్టి, బయటి దేశాల్లో దీనికి గిరాకీ ఎక్కువ, నకళ్లూ ఎక్కువ.

అక్షరాలకు జంకనక్కరలేదు. ఇంగ్లిషు పెద్దబడి అక్షరాలు వచ్చినవాళ్లు ఎవరైనా చదవగలరు. గడియారం ముల్లు తిరిగే వైపు చదవాలి. ఇంగ్లిషు యు ఉండాల్సిన చోట వి ఉంటుంది, పదాల మధ్య ఖాళీ ఉండదు, పెద్ద మాటలను సగంలో తుంచేస్తారు. టి, ఐ అని మొదలైతే టైబీరియస్. డివి అనే నాలుగు ఇంగ్లిషు అక్షరాల తర్వాత కాస్త అటూ ఇటూగా ఎఫ్ కనిపిస్తే "దేవుడి కొడుకు" అని అర్థం. చనిపోయిన తండ్రిని దేవుణ్ణి చేసి, తాను దేవుడి కొడుకునని వేయించుకున్నారు. టైబీరియస్ వెనక వైపు పాంటిఫ్, మాక్సిమ్ అని రెండు ముక్కలుంటాయి, ప్రధాన పురోహితుడని. అన్ని అక్షరాలూ దొరకవు. దొరికిన నాలుగింటిని వాటి స్థానంలో రాసి, పోయిన చోట చుక్కలు పెట్టండి. లేనిదాన్ని ఊహించి నింపవద్దు.

అక్షరాలు అసలు అక్షరాల్లాగే లేకపోతే? గీతలు, సున్నాలు వరసగా ఉండి ఏ మాటా కుదరకపోతే? నిరాశపడకండి, మీ చేతిలో ఉన్నది మన దేశపు కంసాలి చేసిన నకలు కావచ్చు. లాటిన్ రాని మనిషి అచ్చు చెక్కితే అక్షరం అలంకారమైపోతుంది. ఆ పనివాడి చేతిని నేను గుర్తుపట్టగలను: తల బాగానే చెక్కుతాడు, జుట్టు దగ్గరికి వచ్చేసరికి తీగలు పరిచినట్టు వరసలు వేస్తాడు. తల బొమ్మ చుట్టూ బ్రాహ్మీ అక్షరాలుంటే మాత్రం అది రోమన్‌ది కాదు, శాతవాహనుల వెండి నాణెం. గౌతమీపుత్ర శాతకర్ణి నుంచి వాళ్లూ తమ ముఖాలు వేయించుకున్నారు.

నీరో, ఆ తర్వాతివాళ్ల వెండి ఇక్కడ ఎందుకు అరుదు అని అడుగుతారు. 64లో నీరో పౌనుకు 84 బదులు 96 దీనారాలు కొట్టించాడు, రాగి పాలు కూడా పెంచాడు. తూకం 3.4 గ్రాములకు దిగింది. త్రాసు పట్టిన షరాబు అలాంటిదాన్ని ఎందుకు తీసుకుంటాడు? పాతవాటినే దాచుకున్నాడు. బంగారం మాత్రం వస్తూనే ఉంది. వినుకొండలో దొరికిన బంగారు నాణేలు టైబీరియస్ నుంచి కారకల్లా వరకు, అంటే దాదాపు రెండు వందల ఏళ్లకు చెందినవి. ఇందులో మీరు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: నాణెం కొట్టిన ఏడు వేరు, పాతిపెట్టిన ఏడు వేరు. టైబీరియస్ ముఖం కనబడగానే ఆ నాణేలు దొరికిన కుండ టైబీరియస్ నాటిదని రాసేయకండి. వెండి పాతబడ్డా వెండే కదా. నాణెం ఆగిపోయినా దీనారం అన్న పేరు నిలిచింది. నాగార్జునకొండ శాసనంలో ఉజ్జయిని రాజు కూతురు రుద్రధర భట్టారిక 170 దీనారి మాషకాలనే నాణేలు దానమిచ్చినట్టు ఉంది. ఆ తర్వాత వెయ్యేళ్లకు శ్రీనాథుడికి విజయనగరంలో జరిగిన కనకాభిషేకం కూడా దీనారటంకాలతోనే జరిగిందని చెప్పుకుంటాం.

చివరికి చట్టం. ఇష్టమున్నా లేకపోయినా ఇది చేయాల్సిందే. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దాచిన సొత్తు పది రూపాయల విలువ దాటితే, దొరికినవాడు ఏమి దొరికింది, ఎక్కడ, ఏ రోజున అన్నది కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచితే దొరికినవాడి వాటా పోతుంది, శిక్ష కూడా ఉంది. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, దేశం దాటించడం నేరం. మా వృత్తిలో కొందరు కరిగించి గొలుసు చేసి ఇస్తామంటారు. నాలుగు గ్రాముల వెండి ధర ఎంతో మీరే లెక్క వేసుకోండి. నకలో అసలో తేల్చుకోవాలంటే ముందు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి వెళ్లి, నాణేల విభాగంలో కాసేపు నిలబడి చూసి రండి. అసలుదాని అంచు ఒకసారి కంట పడితే నకలు దానంతట అదే దొరికిపోతుంది.

నాణెంతో పాటు కాగితం ఒకటి ఉండాలి. ఊరు, పొలం సర్వే నంబరు, ఎంత లోతున దొరికింది, ఏ తేదీ, తూకం, కొలత, రెండు వైపులా కొలబద్ద పక్కన పెట్టి తీసిన ఫొటోలు. కాగితపు కవరులో పెట్టండి, ప్లాస్టిక్ సంచిలో వద్దు, చెమ్మ పడుతుంది. నాణేలు ఒకటికి మించి ఉంటే పంచుకోకండి, కలిపే ఉంచండి. ఇంకా, కుండ ఉంటే కుండ.

పోయిన వేసవిలో ఒక కుర్రవాడు గుప్పెడు సీసపు నాణేలు తెచ్చాడు. రోమన్‌వి కావు, శాతవాహనులవి. తహసీల్దారుకు అర్జీ కూడా రాసుకొచ్చాడు, ముచ్చటేసింది. కుండ ఏదిరా అన్నాను. పగిలిపోయింది తాతా, పెంకులు గట్టు మీద పడేశాం అన్నాడు. ఆ సాయంత్రమే వెళ్లి యూరియా సంచిలో పెంకులన్నీ ఏరుకొచ్చాడు. ఒక పెంకుకు లోపలి వైపు ఇంకో రెండు నాణేలు అంటుకుని ఉన్నాయి.