సెకండ్ షో ఆకర్షణను ఎలా అదుపులో పెట్టాను

విజయవాడ గాంధీనగర్‌లో గది అద్దెకు తీసుకుని గ్రూప్-2కు చదువుతున్న రోజుల్లో, నేను ఏ వైపు నడిచినా సినిమా హాళ్లే ఎదురయ్యేవి. సెకండ్ షోకు వెళితే గదికి చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆ నిద్రలేమి మరునాటి ఉదయపు చదువును పూర్తిగా హరిస్తుంది. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత పడే పరీక్షకు అరకొర జ్ఞాపకం చాలదు.

కోరిక పుట్టిన క్షణాన దానితో వాదించడం వృథా అని నా నిశ్చితాభిప్రాయం. భోజనం ముగిశాక, పుస్తకం తెరవకముందు, మిత్రులు "వస్తున్నావా?" అని పిలిచే ఆ అరగంటలోనే అది బలపడుతుంది కనుక, నేను ఆ అరగంటనే మార్చుకున్నాను. అందరికన్నా ముందే మెస్‌లో భోంచేసి, అక్కడినుంచి నేరుగా రీడింగ్ రూమ్‌కు వెళ్లి, గడియారం ఎదురుగా పెట్టుకుని పాత ప్రశ్నపత్రం రాయడం మొదలుపెట్టేవాణ్ణి. చదవడం కన్నా రాయడం మనసును గట్టిగా పట్టి ఉంచుతుంది. ఫోన్‌లోని టికెట్ల యాప్‌ను తొలగించాను.

సినిమాను మానలేదు, మానవలసిన అవసరమూ లేదు. ఆదివారం మ్యాటినీకి మిత్రులందరికీ టికెట్లు నేనే ముందుగా కౌంటర్‌లో తీసుకునేవాణ్ణి. కొత్త చిత్రం విడుదలైన శుక్రవారం మాత్రం నిజంగా కష్టమే. ఆ రాత్రి చదువు తగ్గించి, త్వరగా పడుకుని, తెల్లవారుజామున నాలుగింటికి లేచి మిగిలినది పూర్తి చేసేవాణ్ణి.