జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌కు కొత్త డిస్కులు కలపడం ఎలా?

కర్నూల్లో తెలిసినవాళ్ల ఇళ్లలో, ఫొటో స్టూడియోల్లో జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌లు పెద్దవి చేసి ఇవ్వడం నాకు బాగా అలవాటైన పని. జెడ్‌ఎఫ్‌ఎస్ అంటే చాలా డిస్కులను కలిపి ఒకే స్టోరేజీగా నడిపే ఫైల్ సిస్టమ్, అలా కలిపిన స్టోరేజీనే పూల్ అంటారు. ఇందులో అందరూ దెబ్బతినేది ఒకే చోట. మిగతా సంగతులు గబగబా చెప్పేసి అక్కడ ఆగుతాను.

ఒకే సైజు కొత్త డిస్కులు కొనండి. ఒకటి కాదు, రెండు. ఇంట్లో పూల్ అంటే మిర్రర్ జతలే (ఒకే డేటా రెండు డిస్కుల్లోనూ ఉండే జతలు) ఉండాలి, వేరే మాట లేదు. ఎస్‌ఎంఆర్ రకం (ట్రాకులు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉండే డిస్క్) వద్దు, సీఎంఆర్ (ట్రాకులు విడివిడిగా ఉండే మామూలు డిస్క్) అని చూసి తీసుకోండి. కొన్నాక డిస్క్ ఆరోగ్యం చూసే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో లాంగ్ టెస్ట్ పెట్టండి. పూల్‌కు స్క్రబ్ (ఉన్న డేటా అంతా చదివి సరిచూసే పని) వేసి, తప్పులు సున్నా అని వచ్చాకే ముందుకు కదలండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి స్క్రబ్ రాత్రిపూట పెట్టండి. బ్యాకప్ మాత్రం పూల్ బయట, వేరే డిస్క్ మీద ఉండాలి.

డిస్కులు బిగించే ముందు వాటి స్టిక్కర్ మీద ఉన్న సీరియల్ నంబర్ కాగితం మీద రాసుకోండి. కమాండ్‌లో లైనక్స్ డిస్కులకు ఇచ్చే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లు వాడకండి, రీబూట్ అయితే అవి మారిపోవచ్చు. డెవ్, డిస్క్ కింద ఉండే బై-ఐడీ ఫోల్డర్‌లో మోడల్, సీరియల్ కలిసి ఉన్న పొడుగు పేర్లు ఉంటాయి. అవే వాడండి.

ఇక అసలు మెట్టు.

పూల్‌ను నడిపే జెడ్‌పూల్ టూల్‌లో యాడ్, అటాచ్ అని రెండు కమాండ్‌లు ఉన్నాయి. అటాచ్ అంటే ఉన్న మిర్రర్‌కు ఇంకో కాపీ. దాంతో భద్రత పెరుగుతుంది గానీ చోటు పెరగదు. చోటు పెంచేది యాడ్. కమాండ్ ఇలా ఉంటుంది: జెడ్‌పూల్ యాడ్, పూల్ పేరు, తర్వాత మిర్రర్ అనే మాట, ఆ తర్వాత రెండు డిస్కుల పేర్లు. మధ్యలో ఆ మిర్రర్ అనే మాట మర్చిపోయి బలవంతంగా కలిపితే రెండు డిస్కులూ జత కట్టవు, దేనికది ఒంటరిగా పూల్‌లో చేరతాయి. జెడ్‌ఎఫ్‌ఎస్ డేటాను ఈ భాగాలన్నిటి మీదా పరుస్తుంది. జత లేని ఒక్క డిస్క్ పోయినా మొత్తం పూల్ పోయినట్టే.

కొండారెడ్డి బురుజు దగ్గర స్టూడియో ఉన్న తమ్ముడొకడు ఒకే డిస్క్ కొని ఇలాగే యాడ్ చేశాడు. జెడ్‌ఎఫ్‌ఎస్ ఊరుకోలేదు. పూల్ మిర్రర్, కొత్తది ఒట్టి డిస్క్, రెండూ పొసగవు అని ఆపేసింది. కాకపోతే ఆ మెసేజ్‌లోనే, కావాలంటే హైఫన్ ఎఫ్ (బలవంతంగా చేసేయ్ అని చెప్పే గుర్తు) వాడొచ్చు అని కూడా ఉంటుంది. "అదే పెట్టమని చెప్పె కదన్నా, పెట్టినా" అన్నాడు. కొన్ని నెలలకు ఆ ఒంటరి డిస్క్ పోయింది, రెండు సీజన్ల పెళ్లి వీడియోలు దాంతోపాటే పోయాయి. పాత మిర్రర్‌లోని రెండు డిస్కులు నిక్షేపంగా ఉన్నా ఏమీ చేయలేకపోయాం. వాటిని చేతిలో పట్టుకుని కూర్చున్న ఆ పిల్లవాడి ముఖం నాకింకా గుర్తుంది.

అందుకే హైఫన్ ఎఫ్ జోలికి పోకండి. వాడిన డిస్క్‌లో పాత పార్టిషన్లు ఉన్నా జెడ్‌ఎఫ్‌ఎస్ అదే సలహా ఇస్తుంది. అప్పుడు సీరియల్ నంబర్ రెండుసార్లు సరిచూసుకుని, పాత ఫార్మాట్ గుర్తులు చెరిపే వైప్‌ఎఫ్‌ఎస్ కమాండ్‌తో ఆ డిస్క్ శుభ్రం చేయండి. అలా చేశాక కూడా హైఫన్ ఎఫ్ అడిగిందంటే మీ కమాండ్‌లోనే ఎక్కడో తప్పుంది.

యాడ్ చేసే ముందు జెడ్‌పూల్ చెక్‌పాయింట్ (పూల్ ఇప్పుడున్న స్థితికి ఒక గుర్తు) వేయండి. యాడ్ తప్పితే పూల్ ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ చెక్‌పాయింట్‌కు వెనక్కి తిప్పి ఇంపోర్ట్ చేసుకోవచ్చు. తర్వాత యాడ్ కమాండ్‌లో యాషిఫ్ట్ (డిస్క్ సెక్టార్ సైజు చెప్పే సెట్టింగ్) 12 అని చెప్పండి, హైఫన్ ఎన్ కూడా పెట్టి ఎంటర్ కొట్టండి. హైఫన్ ఎన్ ఉంటే ఏదీ మారదు, పూల్ ఎలా అవుతుందో చూపిస్తుంది అంతే. అక్కడ చూడాల్సింది వరుసల మొదట్లో ఉండే ఖాళీ. పాత మిర్రర్, కొత్త మిర్రర్ ఒకే నిలువు గీతలో ఉండాలి. కొత్త డిస్కులు రెండూ కొత్త మిర్రర్ కింద, ఇంకాస్త లోపలికి జరిగి ఉండాలి. డిస్క్ పేరు మిర్రర్‌తో సమానంగా ఎడమకు వచ్చి నిలబడితే ఆగిపోండి. అంతా సరిగ్గా ఉంటే అదే కమాండ్ వెనక్కి తెచ్చుకుని, హైఫన్ ఎన్ ఒక్కటే తీసేయండి. మళ్లీ కొత్తగా టైప్ చేయొద్దు, తప్పులు దొర్లేది అక్కడే.

రైడ్‌జెడ్ (పూర్తి కాపీ బదులు, పోయిన డేటాను తిరిగి కట్టే పారిటీ లెక్కను డిస్కుల మీద పరిచే పద్ధతి) అయితే చోటు ఎక్కువ మిగులుతుంది కదా అని చాలామంది అడుగుతారు. రైడ్‌జెడ్‌కు ఒక్కో డిస్క్ కలిపే వీలు 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో వచ్చింది, నిజమే. కానీ కలిపాక కూడా పాత డేటా పాత పారిటీ లెక్కలోనే ఉండిపోతుంది. పైగా మిర్రర్ పూల్‌లో పొరపాటున చేరిన డిస్క్‌ను, యాషిఫ్ట్ అన్నిటికీ ఒకటే అయితే, జెడ్‌పూల్ రిమూవ్‌తో బయటికి తీయొచ్చు. రైడ్‌జెడ్ ఉన్న పూల్‌లో ఆ దారి లేదు. పొరపాటు దిద్దుకునే వీలు లేని పద్ధతిని నేను ఎవరింట్లోనూ పెట్టను.

యాడ్ అయ్యాక జెడ్‌పూల్ స్టేటస్‌లో ఆ వరుసలు ఇంకోసారి చూడండి. పాత డేటా తనంతట తాను కొత్త డిస్కుల్లోకి సర్దుకోదు, కొత్తగా రాసేదే అటు ఎక్కువగా వెళ్తుంది. దానికి టెన్షన్ పడొద్దు. ఒకట్రెండు రోజులు వాడి, బాగుందనుకున్నాక చెక్‌పాయింట్‌ను హైఫన్ డీతో తీసేయండి. అది ఉన్నంతకాలం మీరు డిలీట్ చేసిన పాత ఫైళ్ల చోటు ఖాళీ కాదు. కాగితం మీద రాసిన సీరియల్ నంబర్లను చిన్న టేప్ ముక్కల మీదకు ఎక్కించి, ఏ డిస్క్‌ది ఆ డిస్క్ ముందు అంటించండి.