కణితి డీఎన్‌ఏలో మిథైలేషన్‌ను బైసల్ఫైట్ పద్ధతిలో పరీక్షించడం
గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌లో, దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసే ఎంజీఎంటీ జన్యువు ప్రమోటర్ (జన్యువు పనిని మొదలుపెట్టించే డీఎన్‌ఏ భాగం) మిథైలేషన్‌ను, అంటే అక్కడి సైటోసిన్ బేస్‌లకు మిథైల్ గుంపు చేరడాన్ని, పరీక్షించదలచిన పరిశోధక విద్యార్థి, ముందుగా కణజాలంలో క్యాన్సర్ కణాలు అధికంగా ఉన్న భాగాన్ని పాథాలజిస్టు చేత గుర్తింపజేసుకోవాలి. మామూలు కణాలు ఎక్కువగా కలిస్తే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. సోడియం బైసల్ఫైట్ చర్యలో మిథైల్ లేని సైటోసిన్ యురాసిల్‌గా మారి పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు అనేక నకళ్లు తీసే పద్ధతి) తరువాత థైమిన్‌గా కనబడుతుంది, మిథైల్ ఉన్నది సైటోసిన్‌గానే నిలుస్తుంది. ఈ చర్య డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది కనుక, ముఖ్యంగా ఫార్మాలిన్‌లో నిల్వచేసి పారఫిన్ దిమ్మెలో ఉంచిన నమూనాలకు, పీసీఆర్‌లో వచ్చే ముక్క పొడవు 150 బేస్ జతలకు మించకుండా ప్రైమర్లను (ఏ ముక్కకు నకళ్లు తీయాలో నిర్ణయించే చిన్న డీఎన్‌ఏ పోగులను) ఎంచుకోవడం మేలు. పూర్తిగా మిథైలేషన్ చెందిన డీఎన్‌ఏను, అసలు చెందనిదాన్ని పోలిక కోసం ప్రతిసారీ నమూనాలతోపాటే పరీక్షించాలి (ఇవి లేని ఫలితాన్ని నేనైతే నమ్మను). మిథైలేషన్ ప్రధానంగా జరిగేది సీపీజీ జంటల్లో (సైటోసిన్ వెంటనే గ్వానిన్ వచ్చే చోట్ల); ఆ జంటల్లో లేని సైటోసిన్లు కూడా మారకుండా మిగిలితే, మార్పిడి అసంపూర్ణమని గ్రహించి మళ్లీ మొదటి నుంచి చేయాలి.