స్టార్ వార్స్ మొదటి సినిమా ఇంట్లోవాళ్లకు చూపించి, క్లైమాక్స్ బుర్రకెక్కేలా చెప్పడం ఎలా

ఒడిశాలో పర్లాకిమిడిలోనో బరంపురంలోనో మన తెలుగిళ్లలో ఈ సినిమా పెడితే పది నిమిషాల్లో ఎవరో ఒకరు "ఇందులో రాముడెవరు, రావణుడెవరు" అని అడిగేస్తారు. చెప్పకండి. చెప్పేస్తే క్లైమాక్స్‌లో పేలుడు తప్ప వాళ్లకి ఇంకేం కనబడదు.

ముందు వరస సంగతి. 1977లో వచ్చినదే మొదట చూపించాలి. టైటిల్లో నాలుగో భాగం అని ఉంటే మొదటి మూడూ ఏవని పిల్లలు అడుగుతారు. రిలీజైనప్పుడు ఆ నంబరే లేదు, 1981లో తగిలించారు, మొదటి మూడు భాగాలు 1999 నుంచి తీసినవి. వాటితో మొదలుపెడితే నల్లముసుగు విలన్ వేడర్ ఎవరో ముందే తెలిసిపోయి అసలు మజా పోతుంది.

మన పిల్లల్లో చాలామంది బడిలో ఒడియా చదువుతారు. తెలుగు గలగలా మాట్లాడతారు గానీ చదవమంటే నత్తి. అందుకని సబ్‌టైటిల్స్ మీద ఆశ పెట్టుకోకుండా మొదట్లో పైకి పాకే ఆ అక్షరాలప్పుడు మీరే చెప్పేయండి: గ్రహాన్నే పేల్చేసే ఆయుధం ఉంది, దాని ప్లాన్లు తిరుగుబాటుదారులు కొట్టేశారు, వాటితో రాకుమారి లేయా పారిపోతోంది. చాలు. తర్వాత కాసేపు రెండు రోబోలే ఎడారిలో తిరుగుతుంటే పెద్దవాళ్లకి విసుగొస్తుంది. రాజుల కథని కింది మనుషుల వైపు నుంచి చెప్పడం దర్శకుడు జార్జ్ లూకస్ జపాన్ దర్శకుడు కురొసావా 1958లో తీసిన సినిమా నుంచి తెచ్చుకున్నాడు, కాబట్టి కంగారుపడి ఫార్వర్డ్ చేయకండి.

హీరో ల్యూక్ వచ్చాక మాత్రం పెద్దగా చెప్పక్కర్లేదు. బాబాయి పొలం వదిలి బయటికి పోవాలని వాడు, ఇంకొక్క పంటకాలం ఉండమని ఆయన. సూరత్ మగ్గాలకి కుర్రాళ్లని పంపిన గంజాం ఇళ్లలో ఈ గొడవ తెలియనిదెవరికి? రెండు సూర్యులు గుంకే షాట్ దగ్గర మాత్రం మాట్లాడకండి, జాన్ విలియమ్స్ సంగీతం వినిపించనివ్వండి. తర్వాత ఇల్లు కాలిపోతుంది, బాబాయి, పిన్ని ఇద్దరూ పోతారు. వాడు ఊరు వదిలింది కోరుకున్నట్టు కాదు, ఉండటానికేం మిగలక. ఇది గుర్తుంచుకోమనండి.

ల్యూక్‌కి గురువయ్యే ముసలాయన ఓబీ-వాన్‌ని చూడగానే నాన్నమ్మలకి మహేంద్రగిరి పరశురాముడు గుర్తొస్తాడు. రానివ్వండి, తప్పులేదు. కాకపోతే పరశురాముడు శిష్యుణ్ణి శపించాడు, ఈయన శిష్యుడి కళ్లముందే పోరాటం ఆపి తన ప్రాణం వదులుకుంటాడు.

ఇక క్లైమాక్స్. గ్రహాన్ని పేల్చే ఆ ఆయుధం, డెత్ స్టార్‌ని కూల్చాలంటే రెండు మీటర్ల రంధ్రంలోకి గురి తప్పకుండా కొట్టాలి. గురి చూసే కంప్యూటర్ నమ్ముకుని ఒకాయన కొడితే పైపైనే తగిలి పేలుతుంది. అక్కడ పాజ్ చేసి "ఇప్పుడు నువ్వయితే?" అని అడగండి. ల్యూక్ కంప్యూటర్ ఆపేసి, ఓబీ-వాన్ చెప్పిన 'ఫోర్స్' అనే కనబడని శక్తిని నమ్ముకుని కొడతాడు. దీన్ని 'యంత్రం చెడ్డది, భక్తి మంచిది' అని చెప్పేవాళ్లున్నారు, నాకు నచ్చదు. అంత చిన్న గురి మా ఊళ్లో కొట్టేవాణ్ణని వాడు ముందే చెప్పాడు, అంటే చేతిలో పనితనం ఉంది, వెనక సీట్లో రోబో కూడా ఉంది. అన్నిటికీ మించి, వాళ్లని తన ఓడలో తీసుకొచ్చిన హాన్ సోలో రాకపోతే వాడు చచ్చేవాడే. బాకీ తీర్చుకోవాలని డబ్బు పుచ్చుకుని వెళ్లిపోయినవాడు, ఎవరూ అడగకుండా వెనక్కొచ్చాడు చూడండి, నా లెక్కలో ముగింపంతా అదే. ల్యూక్‌కి పోవడం తప్ప దారి లేకపోయింది, సోలోకి పోయే దారి ఉంది.

చివరి పతకాల సీన్లో ఒక్కరూ మాట్లాడరు. పక్కనే ఉన్న సోలో జతగాడు చ్యూబాకాకి పతకం వేయరు, ఎందుకని పిల్లలే అడుగుతారు, మీరు సర్దిచెప్పకండి. పెరిగిన గ్రహం కళ్లముందే బూడిదైన లేయా నవ్వుతూ పతకాలు వేస్తుంది, ఆమెకి ఏడవడానికి ఒక్క సీనైనా ఇవ్వకపోవడం ఈ సినిమాలో నిజమైన లోపం అనిపిస్తుంది నాకు.

వేడర్ చావలేదు, గిరగిరా తిరుగుతూ కొట్టుకుపోయాడు, అది చాలామంది గమనించరు. అడిగితేనే చెప్పండి. 1980లో వచ్చిన తర్వాతి భాగం అదే రాత్రి పెట్టకండి, ఫోన్లు మాత్రం మీ దగ్గరే పెట్టుకోండి, లేదంటే పొద్దున్నకల్లా గూగుల్‌లో వెతికి మొత్తం మీకే చెప్పేస్తారు.