కొత్త సైలెన్సర్ కొనే ముందు బండి కింద చూడాల్సినవి

బండి కింద మోత మొదలవగానే సైలెన్సర్ పోయిందని తేల్చేయకండి. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక సైలెన్సర్ డబ్బాను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి చూడండి. లోపల ఏదో దొర్లుతున్నట్టు గలగలమంటే అడ్డరేకులు ఊడాయి, మార్చాల్సిందే. డబ్బా గట్టిగానే పలికి, పక్కనున్న పల్చటి రేకు చప్పుడు చేస్తే అది హీట్ షీల్డ్, అంటే వేడికి అడ్డుపెట్టే రేకు. దాని బోల్టు బిగిస్తే చాలు. పైపును వేలాడదీసే రబ్బరు హ్యాంగర్ తెగి పైపు బాడీకి కొట్టుకున్నా ఇలాంటి శబ్దమే వస్తుంది. మోత బొంగురుగా ఉండి యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరుగుతుంటే ఎక్కడో చిల్లు పడింది. స్క్రూడ్రైవర్ మొనతో డబ్బా అతుకుల వెంబడి, కింది అంచున నొక్కుతూ పోండి. మొన దిగబడితే ప్యాచ్ వేయించి లాభం లేదు, వెల్డింగ్ పట్టడానికి చుట్టుపక్కల గట్టి రేకు మిగలదు. చిల్లున్న బండిని అలాగే నడపడం కూడా మంచిది కాదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు, కింది నుంచి అది క్యాబిన్‌లోకి చేరితే మనకు తెలియదు.

డబ్బా అడుగున మూడు నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం, అంచు నున్నగా, కనిపిస్తే మాత్రం అది తుప్పు కాదు. నీళ్లు కారిపోవడానికి తయారీలోనే పెట్టింది. లీకనుకొని దాన్ని మూసేస్తే సైలెన్సర్ లోపలి నుంచి తినేసుకుపోతుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చల్లటి డబ్బాలో ఆ ఆవిరి నీరై, పొగలోని ఆమ్లాలతో కలిసి అడుగున నిలుస్తుంది. ఎక్కువ దూరం నడిచే బండిలో డబ్బా వేడెక్కి తడి ఆరిపోతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో ఆరదు.

లోహం ఎంచుకునేటప్పుడు ఈ సంగతే గుర్తుండాలి. మామూలు ఉక్కు చవక, కానీ తొందరగా పోతుంది. అల్యూమినియం పూత వేసిన ఉక్కు చాలామందికి సరిపోతుంది. దాని బలహీనత వెల్డింగ్ గీత దగ్గర ఉంటుంది: అక్కడ పూత కాలిపోతుంది కాబట్టి తుప్పు అక్కడే మొదలవుతుంది. దగ్గరి ప్రయాణాలే ఎక్కువైతే, రోడ్లపై ఉప్పు చల్లే చోటైతే, సముద్రపు గాలి తగిలేదైతే స్టెయిన్‌లెస్‌కి వెళ్లండి. 409 రకం పైన గోధుమరంగుకు తిరుగుతుంది కానీ తొందరగా చిల్లు పడదు. 304 ఇంకా మన్నుతుంది, ఖరీదూ ఎక్కువే. అయస్కాంతం పెట్టి తేల్చుకుందామంటే కుదరదు, 409కి అది మామూలు ఉక్కుకు అంటుకున్నట్టే అంటుకుంటుంది. పైన పెంకు ఒక్కటే స్టెయిన్‌లెస్ చేసి లోపలి పైపులు మామూలు ఉక్కుతో చేసినవీ ఉంటాయి కాబట్టి లోపలి లోహం ఏమిటో విడిగా అడగండి.

ఇక కొలతలు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మీ బండి మోడల్‌కే చేసినది దొరికితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. హ్యాంగర్ కొక్కేలు, వంపులు ఉన్నచోటే ఉంటాయి. అన్ని బండ్లకూ సరిపోయేలా చేసిన డబ్బా కొంటుంటే పైపు బయటి వ్యాసం కావాలి. పాత క్లాంపు నొక్కని చోట పైపు చుట్టూ కాగితం పట్టీ చుట్టి, కలిసిన దగ్గర గీత పెట్టి, ఆ పొడవును 3.14తో భాగించండి. 160 మి.మీ. వస్తే వ్యాసం సుమారు 51, అంటే 2 అంగుళాల పైపు. 179 వస్తే 57, అది 2.25 అంగుళాలు. 200 దగ్గర ఉంటే 2.5 అంగుళాలు. పైపు సైలెన్సర్ మెడలోకి దూరుతుంది కాబట్టి మెడ లోపలి వ్యాసం పైపు బయటి వ్యాసం కంటే వెంట్రుక వాసి ఎక్కువుండాలి. ‘2 అంగుళాల సైలెన్సర్’ అన్నప్పుడు అది లోపలి కొలతా బయటిదా అని అడక్కుండా డబ్బు కట్టకండి.

పొడవులోనూ రెండున్నాయి: డబ్బా పొడవు, మెడలతో కలిపిన మొత్తం పొడవు. రెండూ రాసుకోండి. ఒక్కో అతుకులో 40 నుంచి 50 మి.మీ. పైపు లోపలికి పోతుందని లెక్క వేయండి. పైపు వచ్చేది, పోయేది డబ్బా మధ్యలోనా, పక్కకా అన్నదీ చూడాలి. పక్కకైతే బండి ముందు నుంచి చూసినప్పుడు ఏ వైపో ఫొటో తీసి పెట్టుకోండి. డబ్బాకూ ఇంధన ట్యాంకుకూ, బ్రేకు గొట్టాలకూ మధ్య కనీసం 25 మి.మీ. ఖాళీ ఉండాలి.

శబ్దం సంగతి లోపలి నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. గదులుగా విడగొట్టిన రకంలో ధ్వని తరంగాలు అడ్డరేకులకు తగిలి వెనక్కి తిరిగి ఒకదాన్నొకటి అణచుకుంటాయి. చిల్లుల గొట్టం చుట్టూ నార కూరిన సూటి రకం పొగను తేలిగ్గా వదులుతుంది, పదునైన శబ్దాన్ని బాగా పీల్చుకుంటుంది, బరువైన శబ్దాన్ని మాత్రం అంతగా పీల్చదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 2400 ఆర్‌పీఎం‌లో సెకనుకు 80 సార్లు మండుతుంది. హైవే మీద గంటల తరబడి చెవుల్లో మోగే ఆ హోరు ఈ 80 హెర్ట్జ్ బరువైన శబ్దమే. దుకాణంలో ఐడిలింగ్‌లో విని ముచ్చటపడితే ఇది తెలియదు. రోజువారీ కారుకు గదుల రకమే మా సలహా. ఇంజిన్‌కు వెనుక ఒత్తిడి, అంటే పొగ బయటికి పోతుంటే ఎదురయ్యే అడ్డు, కావాలన్న మాట నిజం కాదు. కావలసింది పొగ వేగం. పైపు అవసరానికి మించి లావైతే వేగం తగ్గి, తక్కువ ఆర్‌పీఎం‌లో లాగుడు పోతుంది. అందుకే ఉన్న వ్యాసాన్నే ఉంచుకోండి.

మోటార్‌సైకిల్ అయితే ఇంకో జాగ్రత్త: చాలా కొత్త బండ్లలో పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సైలెన్సర్ లోపలే ఉంటుంది. అది లేని డబ్బా బిగిస్తే బండి కాలుష్య పరీక్షలో నిలవకపోవచ్చు. ఐక్యరాజ్య సమితి వాహన నిబంధనలు పాటించే దేశాల్లో వృత్తంలో ఇంగ్లిష్ E అక్షరం, పక్కన అంకె ఉన్న ఆమోద ముద్ర చూసుకోండి. కార్లకు విడిగా అమ్మే సైలెన్సర్లకు 59వ నిబంధన, మోటార్‌సైకిళ్లకు 92వది.

కొత్త గాస్కెట్, కొత్త రబ్బర్లు, క్లాంపులు సైలెన్సర్‌తోపాటే కొనండి. యూ బోల్టు క్లాంపు పైపును నొక్కేస్తుంది, తర్వాత ఊడదీయాలంటే కోయాల్సి వస్తుంది. వెడల్పు పట్టీ క్లాంపు మేలు. ముందు రోజు రాత్రే పాత బోల్టులకు తుప్పు వదిలించే నూనె పట్టించండి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టాలి. అన్నీ వదులుగా అమర్చి, డబ్బా వంకర లేకుండా వేలాడుతోందో లేదో చూసుకుని, ముందు అతుకు నుంచి వెనక్కి బిగించుకుంటూ రండి. మొదటి పావుగంట కొత్త డబ్బా మీద నూనె కాలి పొగ వస్తుంది, ఆరుబయటే స్టార్ట్ చేయండి. సబ్బు నీళ్లు అతుకులు వేడెక్కక ముందే చల్లితే లీకున్న చోట బుడగలొస్తాయి. వంద కిలోమీటర్లు తిరిగాక, చల్లారిన తర్వాత, క్లాంపులు మళ్లీ బిగించండి. అప్పుడు అతుకు దగ్గర నల్లటి మసి గీత కనిపిస్తే అక్కడ లీకు ఇంకా ఉంది, ఊడదీసి తిరిగి అమర్చాలి.