పైకి విసిరిన బంతి లెక్క ఎక్కడ తప్పుతుంది? సమస్య - పరిష్కారం

శ్రీకాకుళంలో 6 మీటర్ల ఎత్తున్న ఒక డాబా అంచున నిలబడి, చేయి బయటికి చాచి, బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారనుకుందాం. నేల నుంచి దాని ఎత్తును ఈ వర్గ ప్రమేయం చెబుతుంది:

ఎత్తు = 6 + 10 × కాలం − 4.9 × కాలం²

ఇందులో 4.9 గురుత్వ త్వరణం 9.8లో సగం. ఎత్తు మీటర్లలో, కాలం సెకన్లలో ఉండాలి.

సమస్య: బంతి కిందికి రావడమే లేదు.
వర్గపదం (4.9 × కాలం²) ముందు రుణ గుర్తు జారిపోయింది. పైదిశను ధనాత్మకంగా తీసుకున్నాక గురుత్వం రుణాత్మకమే అవుతుంది.

సమస్య: గరిష్ఠ ఎత్తు 72 మీటర్లు వచ్చింది.
వేగాన్ని గంటకు 36 కిలోమీటర్లని ఇస్తే, ఆ 36ను అలాగే సూత్రంలో వేశారు. 3.6తో భాగించి 10 చేసుకోండి. సరైన గరిష్ఠ ఎత్తు సుమారు 11.1 మీటర్లు.

సమస్య: నేలను తాకే కాలం రుణాత్మకంగా వచ్చింది.
ఎత్తును సున్నా చేసి సాధిస్తే 2.53, −0.48 అనే రెండు మూలాలు (కాలానికి రెండు విలువలు) వస్తాయి. విసిరిన క్షణం నుంచే కాలాన్ని లెక్కిస్తున్నాం కనుక జవాబు 2.53 సెకన్లే. అయితే రెండో మూలాన్ని అర్థం లేనిదని కొట్టివేయడం నాకు సమ్మతం కాదు. ఇదే బంతిని 0.48 సెకను ముందు నేల మీద నుంచి సెకనుకు 14.75 మీటర్ల వేగంతో విసిరి ఉంటే, డాబా ఎత్తుకు చేరేసరికి దాని వేగం సరిగ్గా 10 అయ్యేదని ఆ మూలం చెబుతోంది. ఇక్కడ విచక్షణి (వర్గమూలం కింద వచ్చే 10² + 4 × 4.9 × 6) 217.6, దాని వర్గమూలం 14.75, బంతి తిరిగి నేలను తాకే వేగమూ అదే. మీ జవాబును సరిచూసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

సమస్య: బంతి నిలువుగా వెళ్లింది, గ్రాఫు మాత్రం పరావలయంగా, అంటే విల్లులాంటి వంపుగా వచ్చింది.
తప్పేమీ లేదు. అడ్డ అక్షం మీద ఉన్నది కాలం, దూరం కాదు.

సమస్య: ఫోనులో తీసిన వీడియోతో లెక్క కుదరడం లేదు.
సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ప్రతి ఆరో ఫ్రేము దగ్గర, అంటే 0.2 సెకనుకొకసారి, ఎత్తు నమోదు చేయండి. లెక్క ప్రకారం 6, 7.804, 9.216, 10.236 రావాలి, వాటి భేదాలు 1.804, 1.412, 1.020, ఆ భేదాల మధ్య భేదం ప్రతిసారీ −0.392. మీ కొలతల్లో ఈ రెండో భేదం దాదాపు స్థిరంగా ఉండి, పరిమాణం మాత్రం 0.392 కంటే తక్కువైతే, ఎత్తును కొలవడానికి వీడియోలో పెట్టిన కొలబద్ద బంతి కంటే కెమెరాకు దగ్గరగా ఉన్నట్టు అనుమానించి, దాన్ని బంతి కదిలే చోటనే నిలపాలి. ఆ పరిమాణం పైకి వెళ్లేటప్పుడు ఎక్కువగా, కిందికి వచ్చేటప్పుడు తక్కువగా ఉంటే అది గాలి నిరోధం. ప్లాస్టిక్ బంతిని పక్కనపెట్టి క్రికెట్ బంతి వాడండి. గురుత్వ త్వరణం విలువను మాత్రం అనుమానించకండి: 18.3 డిగ్రీల అక్షాంశం దగ్గరున్న శ్రీకాకుళంలో అది సుమారు 9.79, కనుక 9.8 వాడినందువల్ల వచ్చే తేడా వీడియోలో కనిపించేంత ఉండదు.